బెల్టు మీటితే ఎంత పలకాలి?

మా బావ అమలాపురంలో సెకండ్ హ్యాండ్‌ డుకాటీ బైకు ఒకటి కొన్నాడండి, రావులపాలెం హైవే తప్ప దాన్ని తిప్పడానికి ఇక్కడ రోడ్డెక్కడుందని మా అక్క గొడవ, అది వేరే సంగతి. మొన్న కవర్ ఊడదీస్తే లోపల చైన్ లేదు, పళ్ళున్న నల్ల బెల్టులు రెండు, సిలిండర్‌కొకటి. పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసు నుంచి, వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసుకి తిరుగుడు అందించడం వీటి పని. 1970ల చివర్లో డుకాటీ వాళ్ళు పాంటా అనే ఇంజన్‌తో మొదలెట్టారు ఈ పద్ధతి. మన స్ప్లెండర్లు, పల్సర్లలో ఈ పని టైమింగ్ చైన్ చేస్తుంది, సాగితే పొద్దున్నే స్టార్ట్ చేయగానే కటకటమని అదే చెప్పేస్తుంది. బెల్టు లూజైనా నోరెత్తదు.

రైస్ మిల్లు బెల్టు జారిందనుకోండి, కాస్త వేగం తగ్గుతుంది, అంతే. ఇక్కడ అలా కుదరదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి, బెల్టు లూజై ఒక పన్ను దాటిందంటే వాల్వు తెరిచే టైము తప్పుతుంది, ఎక్కువ పళ్ళు దాటితే పిస్టన్ పోయి వాల్వుని గుద్దుతుంది. పోనీ గట్టిగా బిగించేద్దామా అంటే బేరింగులు అరుగుతాయి.

మరి ఎంత బిగువు? డప్పు కొట్టేవాళ్ళని చూశారుగా, గడ్డిమంట మీద కాస్తారు, తోలు ఆరి బిగుసుకునే కొద్దీ మోత పైకి లేస్తుంది. బెల్టుదీ అదే లెక్క. రెండు పుల్లీల మధ్య పొడుగు భాగాన్ని వేలితో మీటి, ఫోన్ మైకు దగ్గర పెడితే యాప్‌లో సెకనుకి ఎన్నిసార్లు ఊగిందో పడుతుంది. బావ బండికి 110 హెర్ట్జ్ రావాలి, మోడల్ని బట్టి, బెల్టు కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టి ఈ అంకె మారుతుంది, మాన్యువల్ చూసుకోవాల్సిందే. మాకు 78 వచ్చింది. పర్లేదు, కొంచెమే తగ్గిందన్నాడు బావ. కాదండి! బిగువు నాలుగింతలైతేనే ఈ హెర్ట్జ్ అంకె రెండింతలవుతుంది, అంటే వర్గమూలం లెక్క, కాబట్టి 78 అంటే ఉండాల్సిన బిగువులో సగమే ఉన్నట్టు.

ఇంకోటి, ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూడాలి. వేడికి అల్యూమినియం సిలిండర్ సాగి పుల్లీలు దూరం జరుగుతాయి, బెల్టు లోపలి దారాలు మాత్రం అంత సాగవు, దాంతో లూజుగా ఉన్న బెల్టు కూడా టైటుగా పలుకుతుంది. మే నెల ఎండలో పెట్టిన బండిని చల్లగా ఉందనుకుంటే కష్టమే, అందుకే తెల్లవారుజామున కూర్చున్నాం. స్పార్క్ ప్లగ్గులు తీసి, టాప్ గేర్‌లో వెనక చక్రం తిప్పి పుల్లీల మీది టైమింగ్ గుర్తులు కలిపి, బెల్టు బిగువు సరిచేసే టెన్షనర్ బోల్టులు వదులు చేసి కొద్దిగా జరిపి, మళ్ళీ బిగించి, చేత్తోనే ఇంజన్ నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ మీటాం. ఆ తిప్పడం మానేస్తే బెల్టు పళ్ళలో సర్దుకోదు, అంకె అబద్ధం చెబుతుంది.

నాలుగోసారికి 100 వచ్చి కదల్లేదు. బోల్టు జరిపినా 100, మీటకపోయినా 100! తీరా చూస్తే వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మంటోంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, దాని మోత అందుకు రెట్టింపు. బండిని పెరట్లోకి తోసుకెళ్ళాక 109 పడింది.