బల్లార్షా ఎండలో కంప్యూటర్‌కు నీళ్లు

మే నెల మధ్యాహ్నం. కిటికీకి బిగించిన కూలర్ గదిలోకి గాలి కొడుతోంది. మా మేనల్లుడు బయటికి వెళ్లి దాని తలుపు తీసి, ట్యాంకులో చెయ్యి ముంచి వచ్చాడు. "మామా, ఈ నీళ్లు ఇంత చల్లగా ఉన్నాయి కదా, కంప్యూటర్ పైపు ఇందులోనే వేస్తే అయిపోదా? రేడియేటర్ ఎందుకు కొనాలి?" అని అడిగాడు.

వాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మహారాష్ట్రలోని మా బల్లార్షా చుట్టూ, ఇటు రాజురా నుంచి అటు సిరోంచ దాకా మన తెలుగువాళ్ల పెళ్లిళ్ల పని వాడి దగ్గరికి వస్తుంది. సీజన్ సరిగ్గా ఎండాకాలంలోనే. వాడి రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్ పూర్తి లోడు మీద 230 వాట్ల దాకా లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఇంకో 285. అంటే 500 వాట్ల పైన వేడి ఆ డబ్బాలోంచి బయటికి రావాలి. ఫ్యాన్ల మోత భరించలేక వాటర్ కూలింగ్ పెట్టుకుందామనుకున్నాడు.

వాడి ప్రశ్న నాకు నచ్చింది, ఎందుకంటే అందులో తప్పేమీ లేదు. మన చంద్రపూర్ జిల్లా ఎండ పొడి ఎండ. పొడిగాలి తగిలితే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఆవిరవుతూ మిగతా నీటిలోని వేడిని తీసుకుపోతాయి. అందుకే బయట 44 డిగ్రీలున్నా కూలర్ ట్యాంకులో నీళ్లు 25 చుట్టుపక్కలే ఉంటాయి. చంద్రపూర్‌లో 2,920 మెగావాట్ల థర్మల్ పవర్ స్టేషన్ ఉంది. దాని కూలింగ్ టవర్లు చేసే పని కూడా ఇదే. వాటికి నీళ్లు ఇరాయి డ్యాము నుంచి వస్తాయి.

చిక్కంతా ఆ నీళ్లతోనే. సీజన్ అయిపోయాక కూలర్ గడ్డి తీసి చూడండి, తెల్లగా పెచ్చు కట్టి గట్టిపడి ఉంటుంది. నీరు ఆవిరైపోతుంది గాని అందులోని లవణాలు ఎక్కడికీ పోవు. ప్రాసెసర్ మీద కూర్చునే వాటర్ బ్లాకు లోపల రాగి రేకులు దువ్వెన పళ్లకన్నా సన్నగా ఉంటాయి, వాటి మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ పెచ్చు అక్కడ పేరుకుంటే నీటికి దారే ఉండదు. కాబట్టి కంప్యూటర్‌లో తిరిగే నీటిని గాలి తగలకుండా మూసే ఉంచాలి. మూశాక ఆవిరి లేదు. ఆవిరి లేకపోతే ఆ నీళ్లు గది గాలికంటే చల్లబడడం జరగని పని.

కొత్తవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఈ అమరికలో నీరు చేసేది వేడిని మోసే పని. లీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి 1.2 జౌళ్లు చాలు, లీటరు నీటికి 4,180 కావాలి. దాదాపు మూడున్నర వేల రెట్లు. గోరంత చిప్పులో పుట్టిన వేడిని నీరు మోసుకెళ్లి మూరెడు రేడియేటర్ మీద పరిచేస్తుంది, ఫ్యాన్లు దాన్ని గదిలోకి ఊదేస్తాయి. రోజూ మన రోడ్ల మీద తిరిగే బొగ్గు లారీల ఇంజన్లలో జరిగేది కూడా ఇదే.

అందుకే మా వాడికి రేడియేటర్‌తో మొదలుపెట్టమన్నాను. వాడి కన్ను రంగు లైట్ల రిజర్వాయర్ మీద, అంటే నీళ్లు నింపే చిన్న ట్యాంకు మీద ఉంది. ఫ్యాన్లు నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరగాలంటే ఒక్కో 120 మిల్లీమీటర్ల ఫ్యానుకు సుమారు 100 వాట్లు అని లెక్క వేసుకోవచ్చు. వాడికి అయిదు ఫ్యాన్లు, అంటే మూడు ఫ్యాన్లు పట్టే 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఒకటి, రెండు పట్టే 240 ఒకటి. ఇవి రెండూ పట్టే క్యాబినెట్ ఉందా లేదా అన్నది కొనకముందే టేపుతో కొలవాలి. 65 వాట్ల చిన్న ప్రాసెసర్ ఒక్కటే ఉన్నవాళ్లు మాత్రం ఈ ఖర్చు జోలికే పోవద్దు, ప్రాసెసర్ మీద బిగించే మంచి ఎయిర్ కూలర్ చాలు.

ఇలా సరిపడా రేడియేటర్ ఉంటే నీళ్లు గదికంటే పది డిగ్రీలు ఎక్కువలో నిలబడతాయి. చిప్పు దానికంటే ఇంకా వేడిగా ఉంటుంది. గది 30 అయితే నీళ్లు 40. కరెంటు హెచ్చుతగ్గులకు గది కూలర్ ఆగి గది 40కి చేరితే నీళ్లూ అదే పది మెట్లు ఎక్కుతాయి. 50 డిగ్రీల నీళ్లంటే మా వాడికి టెన్షన్. అక్కర్లేదు, ఆ ప్రాసెసర్‌కు హద్దు 95. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 2012లో మొదలైన సూపర్‌మ్యుక్ అనే సూపర్‌కంప్యూటర్‌ను 45 డిగ్రీల దాకా ఉన్న వేడి నీళ్లతోనే చల్లబరిచారు. చిప్పు అంతకంటే వేడిగా ఉన్నంతవరకు వేడి నీళ్లయినా పని చేస్తాయి. పంపు విషయంలోనే జాగ్రత్త. బాగా వాడుకలో ఉన్న డీ5 రకం పంపులు నీళ్లు 60 దాటకూడదంటాయి.

నీళ్లు ముందు ప్రాసెసర్‌కు వెళ్లాలా, గ్రాఫిక్స్ కార్డుకా అని చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు. నిమిషానికి నాలుగు లీటర్లు తిరుగుతుంటే 500 వాట్ల వేడి మొత్తం కలిపినా నీటిలో వచ్చే తేడా రెండు డిగ్రీల లోపే. పైపు ఎటు దగ్గరైతే అటే వేయండి. పంపు మాత్రం ఎండకూడదు, రిజర్వాయర్ దానికి పైన, ముందు ఉండాలి.

లోహం దగ్గర మాత్రం నేను దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కింద చవగ్గా వచ్చిన ఒక కిట్టు కొన్నాను. బ్లాకు రాగిది, రేడియేటర్ అల్యూమినియం. ఆ సంగతి అట్టపెట్టె మీద ఎక్కడా లేదు. ఏడెనిమిది నెలలకు వేడి పెరగడం మొదలైంది. బ్లాకు విప్పితే రేకుల మధ్య బూడిద రంగు జిగురు, గంజి అడుగంటినట్టు. ఈ రెండు లోహాలూ ఒకే నీటిలో ఉంటే అదొక బ్యాటరీ అవుతుంది, కరిగిపోయేది అల్యూమినియం. రాగి, ఇత్తడి, నికెల్ పూత కలిసి ఉండవచ్చు. అల్యూమినియం ఒక్క ముక్క కూడా వద్దు. అమ్మేవాణ్ణి అడగండి, చెప్పలేకపోతే కొనకండి.

నీళ్ల సంగతీ అంతే. బోరు నీళ్లు సరే సరి, ఆర్వో నీళ్లలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. తుప్పునూ నాచునూ ఆపే మందు కలిపిన కూలెంట్ కొనడం మేలు. మొదటిసారికి మెత్తటి ట్యూబు చాలు. 10/16 ట్యూబు (లోపల 10, బయట 16 మిల్లీమీటర్లు) కొంటే దాన్ని బిగించే ఫిట్టింగులూ 10/16వే ఉండాలి, 10/13వి పట్టవు. ఇక మన ఊళ్లో బొగ్గు దుమ్ము ఎక్కువ, రేడియేటర్‌ను నెలకోసారి బ్లోయర్‌తో ఊదాలి.

అన్నీ బిగించాక మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వలేదు. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా ఎస్ఎంపీఎస్‌తో పంపు ఒక్కదాన్నే నడిపాం. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం మడిచి పెట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నే వాడు టార్చి పట్టుకుని ఒక్కో కాగితం తీసి చూశాడు. పదకొండు పొడిగా ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు కింద పన్నెండోదానికి పావలా బిళ్లంత తడి. "మామా, ఫిట్టింగు బిగించే కాలర్ ఇంకో పావు చుట్టు తిరుగుతోంది" అన్నాడు. తిప్పి, కాగితం మార్చి, మళ్లీ ఇరవై నాలుగు గంటలు ఆగాం.