మరక మిగల్చని లీకు

శృంగవరపుకోట దాటేవరకు ఏ వంకా చూపని పాత డీజిల్ వ్యాను, అనంతగిరి ఘాట్‌లో నాలుగైదు మలుపులు తిరిగాక ఉన్నట్టుండి తన్నడం మొదలుపెట్టిందనుకుందాం. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది. కాసేపటికి ఇంజను ఆగిపోతుంది. డ్రైవరు దిగి, ఫిల్టరు దగ్గరున్న హ్యాండ్ పంపు పదిపదిహేను సార్లు కొట్టి ఎయిర్ తీస్తే, అంటే పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపితే, మళ్లీ స్టార్టవుతుంది. మర్నాడు విశాఖపట్నంలో షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం, డాక్టరు గుమ్మం ముందు తగ్గిపోయే పంటినొప్పిలాగా, మెకానిక్ ఎదుట దానికి ఏ జబ్బూ కనిపించదు. ఇలాంటి బండికి ముందు ఫిల్టరు, తర్వాత నాజిళ్లు, చివరికి పంపు మార్చి, మళ్లీ ఘాట్ ఎక్కగానే కథ మొదటికొచ్చినవాళ్లు తక్కువేమీ కాదు.

పూర్తిగా చెడిపోయిన పార్టు ఎప్పుడు చూసినా చెడిపోయినట్టే ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం తేలిక. వచ్చిపోయే లోపంలో పార్టు సగం బాగుంటుంది. దాని బలహీనతను బయటపెట్టేది వేడి, ఎత్తు, బరువు, ట్యాంకులో మట్టం, నడిచిన సమయం వంటి ఏదో ఒక పరిస్థితి. కనుక ముందుగా వెతకవలసింది ఆ పరిస్థితిని. అది దొరికితే లోపాన్ని మన ఇష్టప్రకారం రప్పించవచ్చు. రప్పించగలిగిన లోపాన్ని కొలవనూ వచ్చు.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండరులోని గాలిని దాదాపు ఇరవయ్యో వంతు స్థలంలోకి కుదిస్తే అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. కంప్యూటరు లేని పాత ఇంజనుకు కావలసినవి వేడి గాలి, వేళకు అందే ఇంధనం, పంపు మీద ఇంధనాన్ని ఆపే సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే కవాటం) ఉంటే దానికొక తీగ, అంతే. అనుమానితుల జాబితా ఇంత చిన్నది కావడం మన అదృష్టం.

పాత పంపు నాజిల్‌ను తెరిపించే తీరు చూస్తే ఘాట్‌లో జరిగినదేమిటో అర్థమవుతుంది. పంపులోని ప్లంజరు, అంటే పిస్టన్‌లాంటి చిన్న కడ్డీ, సన్నని ఇనుప పైపులో ఉన్న డీజిల్‌ను ఒక చివర నెడుతుంది. ఆ ఒత్తిడి సుమారు 100 నుంచి 150 బార్‌కు (ఒక బార్ దాదాపు వాతావరణ పీడనమంత) చేరినప్పుడు రెండో చివర ఉన్న నాజిల్‌లోని స్ప్రింగు లొంగి సూది లేస్తుంది. రెండున్నర లీటర్ల లోపు ఇంజనులో పూర్తి లోడు మీద కూడా ఒక్కో దెబ్బకు వెళ్లే డీజిల్ రమారమి ఒక నీటిచుక్కంత మాత్రమే. 150 బార్ ఒత్తిడికి డీజిల్ తన ఘనపరిమాణంలో దాదాపు నూటికి ఒక వంతే తగ్గుతుంది గనుక ప్లంజరు కదలిక దాదాపు మొత్తంగా నాజిల్‌కు అందుతుంది. అదే గాలి అయితే ఆ ఒత్తిడికి నూట యాభయ్యో వంతుకు కుదించుకుపోతుంది. అంటే పైపులో చుక్కంత బుడగ చేరినా ప్లంజరు పడిన కష్టమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది. నాజిల్ తెరుచుకోదు, లేదా ఆలస్యంగా, అరకొరగా తెరుచుకుంటుంది. అలా వేళ తప్పి పడిన డీజిల్ సరిగా మండక పొగమంచులాగా బయటికి వస్తుంది. ఆ తెల్లటి పొగ అదే. నల్లటి పొగ వచ్చి ఉంటే గాలి చాలలేదనో, డీజిల్ ఎక్కువైందనో అనుకోవాలి. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ మండుతోంది.

మరి గాలి ఎక్కడినుంచి వచ్చింది? షెడ్డులో లీకు వెతికే కన్ను తడి కోసం, తడికి అంటుకున్న దుమ్ము కోసం చూస్తుంది. ట్యాంకునుంచి డీజిల్‌ను లాగి ముందుకు పంపే ఫీడ్ పంపు దాటాక ఒత్తిడి బయటి గాలికంటే ఎక్కువ గనుక అక్కడ పగులుంటే డీజిల్ కారి మరక పడుతుంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య సంగతి వేరు. అక్కడ పంపు పీలుస్తుంటుంది, ఒత్తిడి బయటికంటే తక్కువ. ఆ భాగంలో పగులు డీజిల్‌ను వదలకుండా గాలిని మింగుతుంది. పైపు పొడిగా, శుభ్రంగా, అమాయకంగా కనిపిస్తుంది. ఎండిన రబ్బరు గొట్టం, సరిగా బిగియని క్లిప్పు, రెండోసారి వాడిన రాగి వాషరు, ఛాసిస్‌కు ఒరుసుకుని పలచబడ్డ పైపు, వీటిలో ఏదైనా కావచ్చు.

రబ్బరుకు సంబంధించి ఒక పాత ఉదంతం ఉంది. 1993లో అమెరికాలో గంధకం తగ్గించిన డీజిల్ అమ్మకంలోకి వచ్చినప్పుడు చాలా పాత బండ్లలో పంపు సీళ్లు లీకయ్యాయి. తప్పు గంధకానిది కాదు. పాత డీజిల్‌లోని ఆరోమాటిక్ పదార్థాలు (ఒక రకం హైడ్రోకార్బన్లు) ఆ సీళ్లు తయారైన నైట్రైల్ రబ్బరును ఉబ్బించి ఉంచేవి. అవి తగ్గిన కొత్త డీజిల్‌లో, ఏళ్ల తరబడి గట్టిపడిన సీళ్లు కుంచించుకుపోయాయి. కొత్త సీళ్లకు ఆ ఇబ్బంది అంతగా లేకపోయింది.

ఘాట్ రోడ్డు ఈ లోపాన్ని ఎందుకు బయటపెడుతుందో లెక్క వేయవచ్చు. ట్యాంకు ఇంజనుకు మూడు మీటర్ల వెనక ఉందనుకుంటే, పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తులో పంపు డీజిల్‌ను అదనంగా 30 సెంటీమీటర్లు పైకి లాగాలి. దానికి అదనంగా కావలసిన పీల్పు వాతావరణ పీడనంలో నలభయ్యో వంతు మాత్రమే, కానీ అంతవరకు మూసుకుని ఉన్న సన్నని పగులు తెరుచుకోవడానికి అది చాలు. పైగా పావు ట్యాంకు మాత్రమే ఉంటే ఆ కాస్త డీజిల్ కూడా వెనక్కి ఒరిగి, పైపు మూతి తేలిపోతుంది. ఇక పూడుకుపోతున్న ఫిల్టరు కూడా ఘాట్‌లోనే బయటపడుతుంది, ఎందుకంటే మైదానంలో చాలినంత వచ్చే డీజిల్, పూర్తి లోడుతో అరగంట ఎక్కేటప్పుడు చాలదు. మూడు కారణాలకూ లక్షణం ఒకటే కనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

వీటిని విడదీసేందుకు ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. ఫీడ్ పంపులోకి వెళ్లే దారిలో జానెడు పారదర్శక డీజిల్ గొట్టాన్ని అమర్చి ఘాట్ ఎక్కితే, బుడగలు వస్తున్నాయో లేదో పక్కన ఆపిన మరుక్షణమే చూడవచ్చు. బుడగలు లేకుండా బండి మెల్లమెల్లగా నీరసిస్తే ఫిల్టరును అనుమానించాలి. బుడగలుంటే ట్యాంకు నింపి మళ్లీ ఎక్కాలి; అయినా వస్తుంటే పైపు మూతి తేలడం కారణం కాదని తేలిపోతుంది. ఆపైన ఒక డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, ట్యాంకునూ దాని పైపునూ పక్కనబెట్టి, డబ్బానుంచి నేరుగా పంపుకు ఇవ్వాలి. ఆ డబ్బా ఇంజను వేడికి దూరంగా, గట్టిగా కట్టి ఉండాలి. దానితో లోపం మాయమైతే పగులు మనం పక్కనబెట్టిన ట్యాంకు, పైపు దారిలో ఉంది; మాయం కాకపోతే లోపం పంపు దగ్గరో, ఆ తర్వాతో ఉంది. ఒక్క ప్రయోగంతో వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది.

లోపం ఎత్తుతో సంబంధం లేకుండా, బయల్దేరిన గంటకో గంటన్నరకో వస్తుంటే ట్యాంకు మూత చూడాలి. మూతలోని గాలిరంధ్రం పూడుకుపోతే, డీజిల్ ఖర్చయిన కొద్దీ ట్యాంకులో శూన్యం పెరిగి పంపుకు ఎదురు లాగుతుంది. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయి బండి కోలుకుంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. వేడెక్కి ఆపిన బండి మాత్రమే స్టార్టవక మొండికేస్తే, పంపు మీద తడిగుడ్డ కప్పి చల్లార్చి చూడటం, తిరుగుతూ అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే రోటరీ పంపుల విషయంలో పాత పద్ధతి. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన ప్లంజరు పక్కనుంచి జారిపోతుంది. చల్లబడితే చిక్కబడి ఒత్తిడి నిలుస్తుంది.

ఆ ఒక్క తీగ సంగతీ మరువకూడదు. సోలినాయిడ్ తీగనుంచి క్యాబినులోకి ఒక చిన్న బల్బు తీసుకుని, ఇంజను ఆగిన క్షణంలో అది కూడా ఆరిందో లేదో చూస్తే కరెంటు వైపు అనుమానం తీరిపోతుంది. మల్టీమీటరుతో తీగ నిరోధం చూసి బాగుందనుకోవడం ప్రమాదం. మీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్ల స్థాయిదే గనుక, ఒక్క పోగు మిగిలిన తీగ కూడా దానికి మంచిదిగానే కనిపిస్తుంది. చల్లటి ఇంజను స్టార్టయ్యేందుకు సిలిండరును వేడిచేసే గ్లో ప్లగ్ తీగలాంటి చోట 10 ఆంపియర్లు పారినప్పుడు అర ఓము నిరోధమే 12 వోల్టుల్లో 5 వోల్టులను మింగేస్తుంది. లోడు మీదే వోల్టేజి కొలవాలి. కంప్యూటరుతో నడిచే కొత్త తరహా కామన్ రైల్ ఇంజనుల్లో ఇవన్నీ పోగా సెన్సార్ల జబ్బులు కూడా చేరతాయి. వాటిలో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది కాబట్టి, పాత బండిలో చేసినట్టు ఇంజను నడుస్తుండగా నాజిల్ నట్లు వదులు చేస్తే డీజిల్ చర్మంలోంచి దూసుకుపోతుంది. దాన్ని అత్యవసర శస్త్రచికిత్స అవసరమైన గాయంగానే భావించాలి.

రిపేరు ఫలించిందని ఎప్పుడు నమ్మాలి? ఫిల్టరు మార్చినప్పుడు ఎలాగూ ఎయిర్ తీస్తారు, క్లిప్పులు కదుపుతారు, కాబట్టి అసలు కారణం మిగిలే ఉన్నా బండి కొన్నాళ్లు బాగుంటుంది. పేరు మాత్రం ఫిల్టరుకు వస్తుంది. లోపం ఒక వరుస లేకుండా సగటున పది రోజులకొకసారి వస్తుందనుకుంటే, ఏమీ బాగుచేయకపోయినా వరుసగా పది రోజులు రాకుండా ఉండే అవకాశం నూటికి 37. ముప్పై రోజులు రాకుండా ఉండే అవకాశం నూటికి 5 మాత్రమే. కనుక సగటు వ్యవధికి మూడింతలు ఆగాకే మాట చెప్పాలి. ఘాట్‌లోనే వచ్చే లోపమైతే రోజులను వదిలేసి, పావు ట్యాంకుతో ఎక్కిన ట్రిప్పులను లెక్కపెట్టాలి. ఆ ట్రిప్పులన్నీ అయ్యాక పారదర్శక గొట్టాన్ని తప్పకుండా తీసేయాలి. వేడికి అది గట్టిపడి, క్లిప్పు దగ్గర పగిలి, మళ్లీ గాలి పీలుస్తుంది.