సర్ఫింగ్ కెరీర్: గట్టు మీద నిలబడి అడిగే ప్రశ్నలు

రుషికొండ బీచ్‌లో పిల్లలకు సర్ఫింగ్ నేర్పుతుంటాను. ఆదివారాలు గట్టున నిలబడే తల్లిదండ్రులు తిప్పి తిప్పి ఇవే అడుగుతారు.

అపోహ: అలల మీద తేలడమే కదా, దానికి డబ్బులు కూడానా!

వాస్తవం: తేలేది క్షణాలే. మిగతాదంతా బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ లోపలికి పోవడం, అక్కడ కూర్చుని మంచి అల కోసం కాచుకోవడం. భుజాలు పట్టేస్తాయి. వ్యాక్స్ రాసిన బోర్డుకి ఒరుసుకుని పొట్ట ఎర్రగా కమిలిపోతుంది. రాత్రి కంచం ముందు వంగితే ముక్కులోంచి ఉప్పునీళ్లు ధారగా కారతాయి. మా ఇంట్లో అలవాటైపోయింది.

అపోహ: ఎంత పెద్ద అల ఎక్కితే అన్ని మార్కులు.

వాస్తవం: వరల్డ్ సర్ఫ్ లీగ్ పోటీల్లో ఐదుగురు జడ్జీలు ఒక్కో అలకు పదికి మార్కులేస్తారు. అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మిగతా మూడింటి సగటు తీస్తారు. చివరికి లెక్కలోకొచ్చేది మంచి రెండు అలలే, అంటే మొత్తం 20కి. పెద్ద అల మీద ఊరికే నిలబడి ఒడ్డుకొస్తే ఏం రాలదు. కష్టమైన చోట బోర్డుని ఎలా తిప్పావన్నది చూస్తారు. కనబడిన ప్రతి అలా ఎక్కేవాడు తిరిగి లోపలికి వెళ్లేసరికి ముందు ఎక్కే హక్కు, అంటే ప్రయారిటీ, ఎదుటివాడి చేతిలో ఉంటుంది. అసలైన అల అతనికి పోతుంది. పిల్లలకి అల ఎక్కడం నేర్పడం తేలిక, వదిలేయడం నేర్పడానికే నా తలప్రాణం తోకకొస్తోంది.

అపోహ: డబ్బున్నోళ్ల ఆట.

వాస్తవం: సగం నిజం. బ్రెజిల్‌లో చేపలమ్మే ఇంట పుట్టిన ఇటాలో ఫెరీరా, తండ్రి చేపలు పెట్టుకునే థర్మకోల్ పెట్టె మూతల మీద నేర్చుకున్నాడు. టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో మొదటి అలకే బోర్డు విరిగితే, ఇంకోటి తెచ్చుకుని స్వర్ణం కొట్టాడు. మన దగ్గరా చెన్నై పక్కన కోవళం నుంచి వచ్చిన మంచి సర్ఫర్లలో చాలామంది జాలరి కుటుంబాల పిల్లలే.

కానీ నేర్చుకోవడం వేరు, టూర్లు తిరగడం వేరు. విమాన టికెట్లు, బోర్డులకి లగేజీ చార్జీలు, విరిగిన ప్రతిసారీ కొత్త బోర్డు. లీగ్‌లో 2019 నుంచి ఆడ, మగ ప్రైజ్‌మనీ సమానం చేశారు, మంచిదే. మొదటి రౌండ్లలో ఓడిపోయేవాళ్ల గోడు మాత్రం అలాగే ఉంది. స్పాన్సర్ లేనివాళ్లు నాలాగే పాఠాలు చెప్పుకుని బతుకుతారు.

అపోహ: ముప్పై దాటితే ఇంటికే.

వాస్తవం: కెల్లీ స్లేటర్ 2022లో హవాయిలోని పైప్‌లైన్ పోటీ గెలిచినప్పుడు అతని 50వ పుట్టినరోజుకి వారం కూడా లేదు. అయితే ఆయన 11 సార్లు ప్రపంచ చాంపియన్. ఆయన్ని చూసి మీవాడి లెక్కలు వేయకండి.

మొన్న ఒకావిడ, "సార్, బోర్డు ఎప్పుడు కొనమంటారు?" అని అడిగారు. బాబుకి ఈత వచ్చా అన్నాను. రాదట.