అన్నీ ఆపినా ఆగని మీటరు

ఇంట్లోని స్విచ్చులన్నీ ఆపివేసిన తరువాత కూడా మీటరులోని అల్యూమినియం పళ్లెం నత్తనడకన కదులుతూనే ఉందని, లోపం మీటరులో ఉందో వైరింగులో ఉందో ఎలా తేల్చుకోవాలని ఒక పాఠకుడు అడిగారు. తేల్చుకోవడం కష్టం కాదు. మెయిన్ స్విచ్చు ఆపగానే పళ్లెం నిలిచిపోతే కరెంటు ఇంట్లోనే ఎక్కడో ఖర్చవుతున్నట్టు. ప్లగ్గులో మరచిపోయిన పరికరమో, తడిగోడలో ఇన్సులేషను చెడిన తీగో కారణం కావచ్చు. మెయిన్ ఆపినా పళ్లెం చుట్టు మీద చుట్టు తిరుగుతుంటే మీటరునూ, మీటరుకూ మెయిన్‌కూ మధ్యనున్న తీగలనూ అనుమానించాలి. నాకు ఆసక్తి కలిగించేది ఈ రెండవ సందర్భమే, ఎందుకంటే ఇందులో చాలాసార్లు మందే రోగమవుతుంది.

బడిలో వాట్లను గంటలతో గుణించడం నేర్పుతారు గాని, ఆ గుణకారం చేసే యంత్రాన్ని విప్పి చూపరు. 1889లో హంగరీ ఇంజనీరు ఒట్టో బ్లాతీ రూపొందించిన ఇండక్షన్ మీటరులో పళ్లేనికి ఒక పక్క వోల్టేజికి స్పందించే తీగచుట్ట (వోల్టేజి చుట్ట), మరొక పక్క ఇంటి కరెంటు పారే తీగచుట్ట (కరెంటు చుట్ట) ఉంటాయి. ఒక్కొక్క చుట్ట అయస్కాంత క్షేత్రం పళ్లెంలో సుడి ప్రవాహాలను, అంటే లోహంలోనే గుండ్రంగా తిరిగే కరెంటును, పుట్టిస్తుంది. ఒకదాని ప్రవాహాలను రెండవదాని క్షేత్రం నెట్టడం వల్ల, వోల్టేజి, కరెంటు, పవర్ ఫ్యాక్టరు (ఆ రెండింటి లబ్ధంలో నిజంగా ఖర్చయ్యే భాగం) అనే మూడింటి లబ్ధానికి, అంటే వాట్లకు, అనుపాతంలో తిప్పుడు బలం వస్తుంది. అంచున ఉన్న శాశ్వత అయస్కాంతం వేగానికి తగినట్టు వెనక్కి లాగుతుంది కనుక, ప్రతి చుట్టూ ఒకే పరిమాణంలో శక్తిని సూచిస్తుంది.

చిక్కంతా ఘర్షణతో వస్తుంది. చిన్న దీపం ఒక్కటే వెలుగుతున్నప్పుడు తిప్పుడు బలం బేరింగుల ఘర్షణకే సరిపోయి మీటరు తక్కువ చూపుతుంది. దీనికి విరుగుడుగా వోల్టేజి చుట్ట క్షేత్రాన్ని కొద్దిగా అసమానం చేసి, కరెంటు లేకపోయినా పళ్లేన్ని రవ్వంత ముందుకు నెట్టే ఏర్పాటు చేశారు. ఆ నెట్టుడు ఘర్షణతో సరిగ్గా సమానమైతే ఇబ్బంది లేదు, కానీ అది వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వోల్టేజి పది శాతం పెరిగితే నెట్టుడు 21 శాతం పెరుగుతుంది, ఘర్షణ మాత్రం పెరగదు. అప్పుడు పళ్లెం తనంతట తాను పాకడం మొదలుపెడుతుంది.

దీన్ని ఆపడానికి తయారీదారులు పళ్లెంలో ఎదురెదురుగా రెండు రంధ్రాలు చేసేవారు. రంధ్రం వోల్టేజి చుట్ట ధ్రువం కిందికి రాగానే సుడి ప్రవాహాల దారి వంకర తిరిగి, పళ్లెం అక్కడే చిక్కుకుంటుంది. కనుక మెయిన్ ఆపాక పళ్లెం అర చుట్టు తిరిగి నిలిచిపోవడం దోషం కాదు, దాన్ని చూసి మీటరుకు దయ్యం పట్టిందనుకోనక్కరలేదు. నిలవకుండా తిరిగితే గడియారం పట్టుకోవాలి. ముఖఫలకం మీద యూనిట్‌కు 600 చుట్లని రాసి ఉంటే, యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు కనుక, ఒక చుట్టు 6,000 జౌళ్లు. పది నిమిషాలకొక చుట్టు తిరిగితే 10 వాట్లు, నెలకు 7.2 యూనిట్లు. ఆ లెక్కతో ఫిర్యాదు చేయవచ్చు గాని, సీలు మాత్రం విప్పకూడదు.

ఎలక్ట్రానిక్ మీటరులో పళ్లెమూ లేదు, ఘర్షణా లేదు, అయినా ఆ రెండు రంధ్రాల పని మిగిలే ఉంది: ఒక హద్దు కంటే తక్కువ కొలతను సున్నాగా తీసుకోమని దాని చిప్‌కు చెబుతారు. 10 ఆంపియర్ల మూల కరెంటు (మీటరును ఏ కరెంటు ఆధారంగా రూపొందించారో అది) గల ఒకటవ తరగతి మీటరు, అంటే తప్పు సుమారు ఒక శాతం లోపు ఉండాల్సిన మీటరు, 40 మిల్లీ ఆంపియర్ల వద్ద, అంటే 230 వోల్టుల దగ్గర సుమారు 9 వాట్ల వద్ద, లెక్క మొదలుపెట్టి తీరాలని అంతర్జాతీయ ప్రమాణం. కొన్ని మోడళ్లలో, వాడకాన్ని మినుకుతూ చూపే ఎర్రదీపం లోడు లేనప్పుడు ఆరకుండా, మినుకకుండా నిలకడగా వెలుగుతుంది. చాలామంది దాన్నే మీటరు ఆపకుండా తిరుగుతోందని పొరబడతారు.