ఆక్స్ పోర్టులతో రెండు రూటర్లను కలపడం: అపోహలు - వాస్తవాలు

సిస్కో రూటర్ వెనక ఉండే ఆక్స్ (ఆగ్జిలరీ, అంటే అదనపు) పోర్ట్ మోడెం కోసమేనని చాలామంది అనుకుంటారు. పెట్టింది అందుకే. అయినా రెండు రూటర్ల ఆక్స్ పోర్టులను నేరుగా కలిపి పీపీపీ (సీరియల్ లింక్ మీద రెండు పరికరాలు మాట్లాడుకునే ప్రోటోకాల్) నడపొచ్చు.

అపోహ: రెండూ ఒకే రకం పోర్టులు కాబట్టి ఈథర్నెట్ క్రాస్ కేబుల్ చాలు.

వాస్తవం: ఆర్‌జే-45 సాకెట్ చూసి మోసపోకండి, లోపల ఉన్నది సీరియల్ పోర్టు, ఈథర్నెట్ కాదు. కావాల్సింది రోల్‌ఓవర్ కేబుల్: 1వ పిన్ను 8కి, 2వది 7కి, 3వది 6కి, అలా తిరగేసి. అప్పుడే ఇటు పంపే తీగ అటు అందుకునే తీగకి, ఆర్‌టీఎస్ ('పంపొచ్చా' అని అడిగే తీగ) సీటీఎస్‌కి ('పంపు' అని వినే తీగ) చేరతాయి.

అపోహ: ఒక వైపు క్లాక్ రేట్ ఇవ్వాలి.

వాస్తవం: ఇది అసింక్రోనస్, అంటే రెండు వైపులకీ ఉమ్మడి క్లాక్ సిగ్నల్ ఉండదు, కాబట్టి క్లాక్ ఊసే లేదు. రెండు వైపులా స్పీడ్ ఒకటే ఉండాలి, అంతే.

అపోహ: కేబుల్ పెట్టి ఐపీ ఇచ్చేస్తే లింక్ లేస్తుంది.

వాస్తవం: అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే, నాతో సహా. ముందు 'షో లైన్' కమాండ్ కొట్టి ఆక్స్ నంబర్ చూడాలి. సిస్కో 2500 సిరీస్ రూటర్లలో అది సాధారణంగా 1, 2600 సిరీస్‌లో 65. ఇంటర్‌ఫేస్ పేరూ అదే నంబర్‌తో వస్తుంది: అసింక్ 1, అసింక్ 65. దాని కింద పీపీపీ ఎన్‌క్యాప్సులేషన్, 'అసింక్ మోడ్ డెడికేటెడ్' (లైన్‌ని పీపీపీకే కేటాయించే కమాండ్). లైన్ కింద 'మోడెం ఇన్‌అవుట్', హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్, స్పీడ్.

ఒకసారి ఈ డెడికేటెడ్ కమాండ్ మర్చిపోయాను. ఒక రూటర్ లాగిన్ ప్రాంప్ట్ పంపింది. రెండోది దాన్నే యూజర్‌నేమ్ అనుకుని తన ప్రాంప్ట్ తిప్పి పంపింది. ఇద్దరు చెవిటివాళ్ల సంభాషణలా అలా సాగుతూనే ఉంది, సీపీయూ వాడకం మాత్రం ఎక్కిపోయింది. ఆక్స్ లైన్ మీద 'నో ఎగ్జెక్' (లాగిన్ ప్రాంప్ట్ రాకుండా ఆపే కమాండ్) కొట్టాకే రెండూ నోరు మూశాయి.

అపోహ: మెయిన్ లింక్ పోతే ట్రాఫిక్ మొత్తం దీని మీదికి మళ్లించొచ్చు.

వాస్తవం: లెక్క వేసి చూడండి. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక్కో బైట్‌కి 10 బిట్లు. 115200 స్పీడ్‌లో సెకనుకి 11,520 బైట్లు మించవు. 2500 అయితే 38400 దగ్గరే ఆగిపోతుంది, 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి వెళ్లడానికే దాదాపు 0.4 సెకన్లు. పైగా ఈ పోర్టు పని సీపీయూ మీదే పడుతుంది. రూటర్లోకి టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్) చేసి సరిచూసుకోడానికైతే ధారాళంగా సరిపోతుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: అవతలి రూటర్ రోమ్‌మాన్‌లో (అసలు సాఫ్ట్‌వేర్ లోడ్ కాకముందు ఉండే బూట్ మోడ్) ఆగిపోతే ఈ పీపీపీ లింక్ లేవదు. ఆ భయం ఉన్నచోట నేను ఆక్స్‌ని అవతలి కన్సోల్‌కి కలిపి, రివర్స్ టెల్‌నెట్ (ఇవతలి రూటర్‌కి టెల్‌నెట్ చేసి, ఆక్స్ గుండా అవతలి కన్సోల్‌ని అందుకోవడం) పెడతాను. 2600 మీదైతే పోర్ట్ 2065.