మొదటి కాన్పు పద్దెనిమిదికి, ఆపరేషన్ ఇరవై మూడుకి: మధ్యలో వాడకుండా వదిలేస్తున్న గర్భనిరోధక పద్ధతుల గురించి అపోహలు – వాస్తవాలు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. అదే సర్వేలో 49 ఏళ్లలోపు వివాహితల్లో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. కాపర్‌-టి, మాత్రలు, ఇంజెక్షన్, నిరోధ్ అన్నీ కలిపినా రెండు శాతం దాటవు. అంటే చాలామంది ఏ తాత్కాలిక పద్ధతీ వాడకుండానే ఇద్దరిని కని, నేరుగా ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నారు.

అపోహ: మొదటి బిడ్డ పుట్టకముందు ఏం వాడినా తర్వాత పిల్లలు పుట్టరు.
కాపర్‌-టి తీయించినా, మాత్రలు ఆపినా గర్భం దాల్చే శక్తి త్వరగానే తిరిగొస్తుంది. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ఒక్కటే కాస్త ఆలస్యం చేస్తుంది: చివరి డోసు తర్వాత 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. దాన్ని గొడ్రాలితనమని ఊళ్లో అంటగట్టేస్తారు. ఇంజెక్షన్ వేసిన చోట మర్దన చేయకూడదు, కాపడం పెట్టకూడదు. అలా చేస్తే మందు త్వరగా కరిగిపోయి పనిచేయదు.

అపోహ: పాలిచ్చేటప్పుడు గర్భం రాదు.
మూడు షరతులూ కలిస్తేనే. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టకూడదు, నెలసరి మళ్లీ మొదలవకూడదు. ఒక్కటి తప్పినా భరోసా పోయినట్టే.

అపోహ: బాలింతకు ఏ పద్ధతీ పడదు.
ఎక్కువ నష్టం చేసేది ఇదే. మాయ పడిన పది నిమిషాల్లోపు, లేదా 48 గంటల్లోపు కాపర్‌-టి వేయవచ్చు. ఆ గడువు దాటితే ఆరు వారాలు ఆగాలి. కాన్పప్పుడే వేసింది జారిపోయే అవకాశం కొంత ఎక్కువ కాబట్టి ఆరు వారాలకు చూపించుకోవాలి. ఛాయ మాత్రలో హార్మోను ఉండదు, పాలిచ్చే తల్లి వేసుకోవచ్చు: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. అంతర ఆరు వారాల తర్వాత. రోజూ వేసుకునే హార్మోన్ల మాత్ర మాలా-ఎన్ మాత్రం పాలిచ్చేవాళ్లకు ఆరు నెలల దాకా వద్దు.

కాన్పయ్యాక ఏం వాడాలన్న మాట నొప్పులొచ్చాక కాదు, ఏడో నెల చెకప్‌లోనే ఎత్తాలి. ఎందుకంటే అమ్మాయి కాన్పుకి పుట్టింటికి వెళ్తుంది. మూడో నెలో, ఐదో నెలో అత్తింటికి తిరిగొస్తుంది. అక్కడి ఆశా కార్యకర్తకు ఈమె ఏం వాడుతోందో తెలియదు. రెండో గర్భం చాలాసార్లు ఈ సందులోనే వస్తుంది. కాన్పుకీ మళ్లీ గర్భానికీ కనీసం రెండేళ్ల ఎడం ఉండాలి. రక్తహీనతతో ఉన్న పద్దెనిమిదేళ్ల ఒంటికి అది మరీ ముఖ్యం.

అపోహ: ఇద్దరయ్యారు, వయసెంతైనా ఆపరేషన్ చేసేయొచ్చు.
ప్రభుత్వ నిబంధన ప్రకారం 22 ఏళ్లు నిండాలి, కనీసం ఒక బిడ్డకు ఏడాది దాటాలి. సంతకం ఆమెది చాలు, భర్త అనుమతి అక్కర్లేదు. ముప్పైలోపు చేయించుకున్నవారిలో తర్వాత బాధపడేవాళ్లు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. ట్యూబులు మళ్లీ కలిపే శస్త్రచికిత్స ఉంది, గర్భానికి హామీ లేదు. కాపర్‌-టి 380ఎ పదేళ్లు పనిచేస్తుందని ఇరవై రెండేళ్ల అమ్మాయికి ముందే చెప్పామా అన్నది ఆరోగ్య సేవల్లో ఉన్న మేమందరం వేసుకోవాల్సిన ప్రశ్న.

అపోహ: మగవాళ్లకు ఆపరేషన్ చేస్తే బలం తగ్గుతుంది.
తగ్గదు. కోత, కుట్టు లేని వేసెక్టమీ నిమిషాల పని. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే ఆపాలి.