ముల్తానీ మట్టి ముఖం మీద నెర్రెలు బారాలా? మా పార్లర్‌లో రోజూ వినే అపోహలు

నల్లగొండలో పార్లర్ పెట్టి పదకొండేండ్లయింది. ఎండలు మొదలైతే చాలు, సగం మంది మట్టి ప్యాక్ గురించి అడగడానికి వస్తారు, మిగతా సగం ఇంట్లో వేసుకుని ముఖం మండించుకుని వస్తారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఎంత బిగుసుకుంటే అంత బాగా పనిచేసినట్టు.

నేనూ మొదట్లో ఇదే నమ్మాను. నేర్చుకున్న చోట అట్లనే చెప్పారు, ఫ్యాన్ వేసి, మట్టి పగిలేదాకా కస్టమర్‌ను కదలనిచ్చేదాన్ని కాదు. ఎండాకాలంలో రేగడి చేను చూసినోళ్లకు చెప్పాల్సిన పనిలేదు, చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. రేగడిలో, ప్యాక్‌లకు వాడే బెంటొనైట్ అనే ఇంకో మట్టిలో, చాలావరకు ముల్తానీ మట్టిలోనూ ఉండేది ఈ ఉబ్బే గుణమున్న ఖనిజాల కుటుంబమే. ముఖం మీదా అదే జరుగుతుంది. మట్టి తడిగా ఉన్నంతసేపు పైనున్న జిడ్డును పీల్చుకుంటుంది, ఆరిపోయాక ముడుచుకుంటూ చర్మాన్ని లాగుతుంది. ఆ లాగుడునే మనం మెరుపు అనుకుంటాం.

మొన్న మాఘమాసంలో దేవరకొండ వైపు నుంచి ఒక పెండ్లిపిల్లను తీసుకొచ్చారు, పెండ్లి ఇంకా రెండ్రోజులే. "మట్టిలో నిమ్మకాయ రసం పిండి గంటసేపు ఉంచినం మేడమ్, జల్దీ తెల్లగైతదని" అంది వాళ్లమ్మ. ముక్కు పక్కలంతా ఎర్రగా కందిపోయింది, చెంపల మీద పొట్టు లేస్తోంది, పిల్ల నవ్వబోయి ఆపుకుంది, మంటకు. ఫేషియల్ క్యాన్సిల్ చేసి, చల్లటి తడిగుడ్డ వేసి, వ్యాజిలిన్ తప్ప ఇంకేం పూయొద్దని పంపించా. అయినా పెండ్లినాడు ఫౌండేషన్ ఆ పొట్టు మీద పేరుకుపోయి, ఫొటోల్లో చెంపలు గరుకుగా కనిపించాయి. నిమ్మరసంలో ఆమ్లం ఎక్కువ, పూసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి నల్లమచ్చలు కూడా పడతాయి. నకిరేకల్ నిమ్మకాయ పప్పులోకి పిండుకోండి అక్కా, ముఖానికెందుకు?

అపోహ: మట్టితో రంగు తేలుతుంది, మంగు మచ్చలు పోతాయి.

పోవు. రంగు చర్మం లోపల తయారయ్యే మెలనిన్‌ది, మట్టి అక్కడిదాకా వెళ్లదు. జిడ్డు, పైపొర మురికి పోతాయి కాబట్టి కడిగిన పూట తేటగా కనిపిస్తుంది, మర్నాటికి మళ్లీ మామూలే. మంగుకు సన్‌స్క్రీన్, స్కిన్ డాక్టర్. అంతే.

"ఒంట్లో విషాలన్నీ లాగేస్తుందట కదా" అనేది ఇంకోటి. మర్రిగూడ నుంచి వచ్చిన ఒకామె అయితే ఇన్నేండ్లు తాగిన బోరు నీళ్ల ఫ్లోరైడ్ కూడా లాగుతుందా అని అడిగింది, పాపం నిజంగానే ఆశపడి. ఫ్లోరైడ్ తాగిన నీళ్లతో పోయి ఎముకల్లో, పండ్లలో చేరుతుంది, చెంప మీది మట్టికి అదెట్లా అందుతుంది? ఒంట్లో చెత్తను బయటికి పంపేది కాలేయం, కిడ్నీలు. స్టీలు చెంచాతో కలిపితే మట్టి శక్తి పోతుందన్నది కూడా ఉత్తమాటే, నేను రోజూ స్టీలు గిన్నెలోనే కలుపుతా.

అపోహ: చెరువు మట్టి, పుట్టమన్ను సహజం కాబట్టి భయం లేదు.

దీని మీద నాకు కోపమే. పత్తిచేలల్లో కొట్టిన మందులు వానకు కొట్టుకొచ్చి చేరేది చెరువులోకే, ఊరి మురుగూ అందులోకే. మట్టిలో ధనుర్వాతం తెచ్చే క్రిములూ ఉంటాయి, గిల్లిన మొటిమ మీద ఆ మట్టి పూయడమేంటి? ప్రకృతి వైద్యంలో వాడే మట్టి కూడా మూడు నాలుగడుగుల లోతు నుంచి తీసి, ఎండబెట్టి, జల్లెడ పట్టిందే. ప్యాకెట్లోది అయితే కండ్లు మూసుకుని కొనొచ్చా అంటే అదీ కాదు. 2016లో అమెరికాలో మందులు, కాస్మెటిక్స్ మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక బెంటొనైట్ పొడిలో సీసం ఎక్కువగా ఉందని హెచ్చరించింది. ప్యాకెట్ మీద తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తేదీ లేకపోతే అక్కడే పెట్టేయండి. కడుపుతో ఉన్నప్పుడు నాలుక లాగుతుందని మట్టి, సుద్ద నోట్లో వేసుకునేవాళ్లు కూడా దయచేసి మానేయండి.

ఇంట్లో ఒక పరీక్ష: పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి. బుస్సుమని బాగా పొంగితే అందులో సున్నపురాయి పొడి ఉన్నట్టే. నిమ్మకాయకు మట్టితో పని ఇంతవరకే.

నేను వేసే పద్ధతి చెప్తా. జిడ్డు చర్మానికి వారానికి ఒక్కసారి, పలుచగా, ఎనిమిది పది నిమిషాలు. అంచులు తెల్లబారడం మొదలవగానే, మధ్యలో ఇంకా తడి ఉండగానే, నీళ్లు చిలకరించి మెత్తబరిచి కడిగేస్తా, రుద్దను. ముఖం పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. పొడి చర్మమైతే ముల్తానీ జోలికే పోను, కయోలిన్ అనే తెల్ల మట్టి వాడతా, అది అంతగా పీల్చదు. మొటిమలకు డాక్టరిచ్చిన క్రీములు వాడుతుంటే మాత్రం ముందు ఆయన్నడగండి, రెండూ కలిస్తే చర్మం మరీ ఎండిపోతుంది, ఆ పొట్టుతో మళ్లీ మా దగ్గరికే వస్తారు.